మీ అబ్బాయి కేసు పై కోర్టుకి పోలేదు, పక్క కోర్టుకి పోయింది

ప్రశ్న: మా అబ్బాయి హెచ్-1బీ మీద టెక్సస్‌లో, డాలస్ దగ్గర పనిచేస్తున్నాడు. కిందటేడు హైవే మీద లారీ గుద్ది కాలు విరిగింది. రెండు ఆపరేషన్లయ్యాయి, ఇప్పుడు కర్ర సాయంతో నడుస్తున్నాడు. అక్కడి లాయరు డాలస్ కౌంటీ డిస్ట్రిక్ట్ కోర్టులో కేసు వేశారు. లారీ కంపెనీ ఓక్లహోమాది. మూడు వారాలు తిరక్కుండానే వాళ్ళు కేసుని ఫెడరల్ కోర్టుకి మార్పించుకున్నారట. మా జడ్జి ఒక్క మాటైనా అడగలేదట. తెనాలిలో పొలం తగాదా పెట్టుకుని కింది కోర్టు నుంచి హైకోర్టు దాకా ఏళ్ళ తరబడి తిరిగినవాణ్ణి నేను. కేసు పై కోర్టుకి పోయిందంటే కింద మనం ఓడినట్టే కదా? మళ్ళీ ఫీజు కట్టాలా? ఫెడరల్ అంటే వాళ్ళ కేంద్ర ప్రభుత్వం కదా, వీసా మీద ఉన్నవాడికి అక్కడ న్యాయం దొరుకుతుందా? ఇది సుప్రీంకోర్టు దాకా పోతుందా? మధ్యలో వాడికి గ్రీన్ కార్డు వచ్చినా, ఉద్యోగం పోయి ఇంటికి వచ్చేసినా కేసు ఏమవుతుంది?
– ఒక తండ్రి, తెనాలి

సమాధానం: తెనాలి నుంచి రాసిన పెద్దలకు నమస్కారం.

ముందు ఒక మాట చెప్పి మీ గుండె బరువు దించుతాను. మీ అబ్బాయి ఓడిపోలేదు. తప్పు ఎవరిదో ఇంతవరకు ఏ జడ్జీ చూడనే లేదు. కేసు పై కోర్టుకి పోలేదు, పక్క కోర్టుకి పోయింది. ఈ తేడా పట్టుబడితే మీ భయాల్లో సగం తీరిపోతాయి. పట్టుబడకపోతే మాత్రం, ఇప్పుడు మీ చేతిలో ఉన్న 30 రోజుల గడువు చెప్పాపెట్టకుండా దాటిపోతుంది. ఆ గడువు సంగతి కాసేపట్లో చెబుతాను.

మీరు కోర్టుల్ని అర్థం చేసుకున్న తీరు మన దేశానికి సరిగ్గా సరిపోతుంది. మన కోర్టులన్నీ ఒకే నిచ్చెన మెట్లు. తెనాలిలో సివిల్ జడ్జి, ఆపైన జిల్లా కోర్టు, ఆపైన అమరావతిలో హైకోర్టు, చిట్టచివర ఢిల్లీలో సుప్రీంకోర్టు. పార్లమెంటు చేసిన చట్టమైనా, అసెంబ్లీ చేసిన చట్టమైనా అవే కోర్టులు విచారిస్తాయి. కౌలు తగాదాకి రాష్ట్రం కోర్టు, చెక్ బౌన్సుకి కేంద్రం కోర్టు అని మనకి వేరువేరుగా లేవు. అందుకే ఫైలు కదిలిందనగానే పైకి కదిలిందనే అనుకుంటాం.

అమెరికాలో పద్ధతి వేరు. వాళ్ళు రాజ్యాంగం రాసుకునే నాటికే 13 రాష్ట్రాలకీ సొంత కోర్టులున్నాయి. వాటిని తీసెయ్యలేదు, కేంద్రం చేతి కిందా పెట్టలేదు. వాటి పక్కనే ఫెడరల్ ప్రభుత్వానికని ఇంకో వరస కోర్టులు పెట్టుకున్నారు. 1789లో చేసిన జ్యుడీషియరీ చట్టంతో మొదలైన ఆ ఏర్పాటు ఇప్పటికీ నడుస్తోంది. ఈ రోజు 50 రాష్ట్రాలకి 50 వరసలు, ఫెడరల్ ప్రభుత్వానికి విడిగా ఒక వరస. ఫెడరల్ వరసలో అడుగున 94 డిస్ట్రిక్ట్ కోర్టులున్నాయి, సాక్షుల్ని విచారించేది అక్కడే. వాటిపైన 13 అప్పీలు కోర్టులు, అన్నిటికీ పైన సుప్రీంకోర్టు.

విడాకులు, వీలునామాలు, అద్దె గొడవలు, ట్రాఫిక్ టికెట్లు, దొంగతనాలు, హత్యలు, రోడ్డు ప్రమాదాలు మామూలుగా రాష్ట్ర కోర్టుల పని. అమెరికాలో పడే కేసుల్లో చాలా పెద్ద భాగం అక్కడే పుట్టి అక్కడే ముగుస్తుంది. రాజ్యాంగమూ, కాంగ్రెసూ (అంటే వాళ్ళ పార్లమెంటు) అప్పగించినవే ఫెడరల్ కోర్టు చూస్తుంది. ఫెడరల్ చట్టం మీద వచ్చే తగువులు, దివాలా, పేటెంట్లు, ఫెడరల్ ప్రభుత్వం ఒక కక్షిదారుగా ఉన్న కేసులు అలాంటివి. ఇవి కాక ఇంకో రకం కూడా ఉంది. వాది ఒక రాష్ట్రం మనిషి, ప్రతివాది ఇంకో రాష్ట్రం మనిషి అయినా, లేదా ఒకరు అమెరికన్, ఇంకొకరు విదేశీయుడు అయినా, తగువు విలువ 75,000 డాలర్లు దాటితే ఆ కేసు ఫెడరల్ కోర్టుకి వెళ్ళొచ్చు. 1789లో ఈ హద్దు 500 డాలర్లే. మీ అబ్బాయి కేసు ఈ దారినే వెళ్ళింది. అతను భారత పౌరుడు, కంపెనీ ఓక్లహోమాది, రెండు ఆపరేషన్ల ఖర్చు అమెరికాలో 75,000 దాటడానికి ఎంతో సేపు పట్టదు.

డాలస్‌లో ఈ రెండు వరసల్నీ కళ్ళారా చూడొచ్చు. నగరం నడిమధ్య కామర్స్ స్ట్రీట్ అని ఒక వీధి ఉంది. 600 నంబరు దగ్గర జార్జ్ ఎల్. అలెన్ కోర్టుల భవనం, కౌంటీ (మన జిల్లాలాంటిది) సివిల్ కేసులు నడిచేది అందులో. అదే వీధిలో ఇంకొంచెం ముందుకి నడిస్తే 1100 నంబరు దగ్గర ఎర్ల్ కాబెల్ ఫెడరల్ భవనం. మీవాడి ఫైలు మొదటి భవనం నుంచి రెండో భవనానికి వచ్చింది. రెండు చోట్లా ఉన్నవి విచారణ కోర్టులే, రెండు చోట్లా జ్యూరీ, అంటే సాక్ష్యం విని తీర్పు చెప్పే మామూలు పౌరుల బృందం, కూర్చుంటుంది. ఒకదాని మీద ఇంకొకదానికి పెత్తనం లేదు.

మీ అబ్బాయిని పాత, కొత్త కేసు నంబర్లు రెండూ పంపమనండి. పాతది డీసీ అనే అక్షరాలతో మొదలై, పక్కన ఏడాది, ఆపైన వరస సంఖ్యతో ఉంటుంది. కొత్తది 3 అంకెతో మొదలవుతుంది, అది డాలస్ డివిజన్ గుర్తు. తర్వాత రెండంకెల్లో ఏడాది, సివిల్ కేసు అని చెప్పే సీవీ, అయిదంకెల సంఖ్య, చివర ఏ జడ్జి దగ్గర ఉందో చెప్పే ఒకటో రెండో అక్షరాలు. ఆ నంబరుతో పేసర్ అనే ఫెడరల్ కోర్టుల వెబ్‌సైటులో కేసులో పడిన ప్రతి కాగితమూ తీసుకోవచ్చు. పేజీకి 10 సెంట్లు, మామూలుగా ఒక పత్రానికి 3 డాలర్లకి మించదు, మూడు నెలల్లో ఖర్చు 30 డాలర్ల లోపే ఉంటే అదీ తీసుకోరు. అతన్ని ఒక ఖాతా తెరవమనండి. లాయరు చెప్పేదాకా ఎదురుచూడకుండా ఏ రోజు ఏం దాఖలైందో మీకూ తెలుస్తుంది. మన దగ్గర గుమాస్తా చుట్టూ తిరిగిన మీకు ఇది ఎంత ఊరటో నేను వేరే చెప్పక్కర్లేదు.

కాగితాల మీద కనిపించే పేర్లతో జాగ్రత్త. టెక్సస్ రాష్ట్రం కోర్టు పేరూ డిస్ట్రిక్ట్ కోర్టే, ఫెడరల్ కోర్టు పేరూ డిస్ట్రిక్ట్ కోర్టే. డాలస్‌లో ఉన్న రాష్ట్ర అప్పీలు కోర్టుదీ అయిదో నంబరే, టెక్సస్ మీద అధికారం ఉన్న ఫెడరల్ అప్పీలు కోర్టుదీ అయిదో నంబరే. రెండోది ఉండేది న్యూ ఓర్లీన్స్‌లో. న్యూయార్క్ రాష్ట్రంలోనైతే సుప్రీంకోర్టు అంటే మామూలు విచారణ కోర్టు. కాబట్టి పై వరసలో యునైటెడ్ స్టేట్స్ అని ఉందా, కౌంటీ పేరు ఉందా అన్నది చూసుకోండి, చాలు. ఇంకో సంగతి. కేసు మార్చేటప్పుడు కంపెనీ వేసిన కాగితం మీద నోటీస్ ఆఫ్ రిమూవల్ అని ఉంటుంది. దేశం నుంచి పంపించేసే ఇమ్మిగ్రేషన్ కేసుల్లోనూ రిమూవల్ అనే వాడతారు కాబట్టి, వీసా మీద ఉన్నవాళ్ళు ఆ కాగితం చూసి హడలిపోవడం సహజం. ఇక్కడ కదిలింది కేసే. మీ అబ్బాయి వీసాకీ దీనికీ ఏ సంబంధమూ లేదు.

ఇక మీ జడ్జిని ఎందుకు అడగలేదో చెబుతాను. అడగాల్సిన అవసరం లేదు కాబట్టి. మన దగ్గర ఒక కోర్టు నుంచి ఇంకో కోర్టుకి కేసు మార్చాలంటే పిటిషన్ వేసి, వాదించి, ఉత్తర్వు తెచ్చుకోవాలి. అక్కడ ప్రతివాది సమన్లు అందిన 30 రోజుల్లోపు ఫెడరల్ కోర్టులో ఆ నోటీసు వేసి, ఒక కాపీ రాష్ట్ర కోర్టు క్లర్కు దగ్గర పడేస్తే చాలు. ఆ క్షణం నుంచి రాష్ట్ర కోర్టు ఆ కేసులో ఇంక ఏమీ చెయ్యకూడదు. ఫీజు 405 డాలర్లు, మార్చినవాళ్ళే కట్టుకోవాలి. మీరు మళ్ళీ కట్టేదేమీ లేదు.

అయితే వాళ్ళు మార్చినంత మాత్రాన అది చెల్లుతుందని కాదు. సరిగ్గా మార్చలేదనిపిస్తే, వెనక్కి పంపండి అని మీ లాయరు ఫెడరల్ జడ్జిని అడగొచ్చు. మార్చిన పద్ధతిలో లోపం ఉందని చెప్పడానికి గడువు, నోటీసు దాఖలైన రోజు నుంచి 30 రోజులు. ఫెడరల్ కోర్టుకి ఈ కేసు వినే అధికారమే లేదు అన్న అభ్యంతరానికి మాత్రం గడువు లేదు, ఎప్పుడైనా లేవనెత్తొచ్చు. మొదటి రకం లోపం కళ్ళముందే ఉన్నా, 30 రోజులు నోరెత్తకపోతే దాన్ని వదులుకున్నట్టే. మీ ఉత్తరం చదవగానే నేను వెతికింది డ్రైవర్ సంగతి. మీరు కంపెనీ గురించి రాశారు గానీ, డ్రైవర్ని కూడా ప్రతివాదిగా చేర్చారో లేదో రాయలేదు. ఈ మొత్తం వ్యవహారంలో అసలు కీలకం అదే.

ఎందుకో చూడండి. ఇలా కక్షిదారుల పౌరసత్వాన్ని బట్టి కేసు మార్చేటప్పుడు, కేసు పడిన రాష్ట్రానికే చెందిన ప్రతివాది ఒక్కడున్నా మార్చకూడదని చట్టం. పరాయి రాష్ట్రం వాడికి స్థానిక కోర్టులో అన్యాయం జరుగుతుందేమోనన్న భయం తీర్చడానికే ఈ వెసులుబాటు పెట్టారు. ప్రతివాది ఆ ఊరివాడే అయినప్పుడు అతనికి ఆ భయం దేనికి? కాబట్టి డ్రైవర్ టెక్సస్ వాడై, అతన్నీ కేసులో చేర్చి, కంపెనీ నోటీసు వేసే నాటికే అతనికి సమన్లు అందజేసి ఉంటే, ఈ మార్పు చెల్లదు. సమన్లు ఇంకా అందకపోతే మాత్రం కంపెనీ వాదనే నెగ్గుతుంది. న్యూ ఓర్లీన్స్ అప్పీలు కోర్టు 2020లో ఇచ్చిన తీర్పు అలాగే ఉంది. అంచేత డ్రైవర్‌కి సమన్లు ఏ తేదీన అందాయన్నది ఈ రోజే అడిగి తెలుసుకోండి.

డ్రైవర్ ఏ దేశ పౌరుడో కూడా కనుక్కోమనండి. అమెరికాలో లారీలు నడిపేవాళ్ళలో పంజాబ్ నుంచి వెళ్ళినవాళ్ళు చాలామంది ఉన్నారు. అతను ప్రతివాదిగా ఉండి, ఇంకా భారత పౌరుడే అయితే, వాది వైపూ ప్రతివాది వైపూ విదేశీయులు ఉన్నట్టవుతుంది. అప్పుడు ఫెడరల్ కోర్టుకి ఈ కేసు వినే అధికారమే ఉండదు. కంపెనీ కార్పొరేషనా, ఎల్ఎల్‌సీనా (సభ్యులు కలిసి పెట్టుకునే పరిమిత బాధ్యత సంస్థ) అన్నది కూడా తేల్చుకోవాలి. కార్పొరేషన్ అయితే అది ఏ రాష్ట్రంలో రిజిస్టరైంది, ప్రధాన కార్యాలయం ఎక్కడ ఉంది అని చూస్తారు. ఎల్ఎల్‌సీ అయితే అందులో సభ్యులు ఎవరెవరు ఏ రాష్ట్రం వాళ్ళో, ఏ దేశం వాళ్ళో అందరి లెక్కా తీస్తారు. నోటీసులో కంపెనీ ఈ వివరాలు దాటవేసిందంటే అక్కడే పట్టుకోవచ్చు.

డ్రైవర్ కేసులో లేకుండా, ఓక్లహోమా కార్పొరేషన్ ఒక్కటే ప్రతివాది అయితే? అప్పుడు మార్పు చెల్లుతుంది. దాన్ని ఎదిరించి నెలలు పోగొట్టుకోవద్దనే నా సలహా. ఫెడరల్ కోర్టులోనే గట్టిగా నడిపించుకోండి. దీనికి ఇంకో కారణం కూడా ఉంది.

కోర్టు మారినా చట్టం మారదు. ఇది చాలామంది నమ్మలేరు. ఫెడరల్ జడ్జి కూడా మీవాడి కేసులో టెక్సస్ రాష్ట్ర చట్టాన్నే పాటించాలి. ఈ నియమం వెనక పెన్సిల్వేనియాకి చెందిన ఒక మామూలు మనిషి కథ ఉంది. 1934 జులైలో ఒక రాత్రి హ్యారీ టాంప్‌కిన్స్ అనే అతను హ్యూస్‌టౌన్‌లో రైలు పట్టాల పక్క కాలిబాట మీద ఇంటికి నడిచిపోతున్నాడు. అటుగా వెళ్తున్న గూడ్సు రైలు నుంచి తలుపులాంటిదేదో పొడుచుకొచ్చి తగిలి అతని కుడి చెయ్యి పోయింది. పెన్సిల్వేనియా చట్టం ప్రకారం అలా పట్టాల పక్కన నడిచేవాడు అనుమతి లేకుండా చొరబడినవాడి కిందే లెక్క, మామూలు నిర్లక్ష్యానికి రైల్వే పరిహారం ఇవ్వక్కర్లేదు. అందుకని అతని లాయర్లు ఈరీ రైల్‌రోడ్ మీద న్యూయార్క్‌లోని ఫెడరల్ కోర్టుకి వెళ్ళారు. అప్పట్లో ఇలాంటి విషయాల్లో ఫెడరల్ జడ్జీలు రాష్ట్ర కోర్టుల తీర్పులు పట్టించుకోకుండా సొంత సూత్రాలు వాడుకునేవాళ్ళు. జ్యూరీ 30,000 డాలర్లు ఇప్పించింది. 1938లో సుప్రీంకోర్టు ఆ పద్ధతినే కొట్టేసింది. గుమ్మం మారితే న్యాయం మారిపోవడం కుదరదని, ఇలాంటి కేసుల్లో ఫెడరల్ కోర్టు రాష్ట్ర చట్టాన్నే పాటించాలని తేల్చింది. టాంప్‌కిన్స్‌కి చివరికి పైసా రాలేదు. అతని సంగతి తలుచుకుంటే మనసు చివుక్కుమంటుంది. కానీ అతని పేరున్న ఆ తీర్పే ఇవాళ మీవాడిని కాపాడుతుంది. టెక్సస్ చట్టం ప్రకారం ప్రమాదంలో బాధితుడి తప్పు 50 శాతం దాటితే పరిహారం రాదు, దాటకపోతే అతని వాటా మేరకు తగ్గించి ఇస్తారు. కామర్స్ స్ట్రీట్‌లో ఏ భవనంలో విచారణ జరిగినా లెక్క ఇదే. టెక్సస్ చట్టంలో ఏదైనా తేలని చిక్కు వస్తే, న్యూ ఓర్లీన్స్ అప్పీలు కోర్టు దాన్ని రాసి పంపి, మీ రాష్ట్ర చట్టం ఏమంటుందో చెప్పండి అని టెక్సస్ సుప్రీంకోర్టునే అడిగే పద్ధతి కూడా ఉంది.

మరి చట్టం ఒకటే అయితే కంపెనీ ఎందుకు మార్చుకుంది? పద్ధతులూ మనుషులూ వేరు కాబట్టి. టెక్సస్ డిస్ట్రిక్ట్ కోర్టు జ్యూరీలో 12 మంది ఉంటారు, సివిల్ కేసులో 10 మంది ఒప్పుకుంటే మామూలుగా తీర్పు వచ్చేస్తుంది. ఫెడరల్ కోర్టులో కనీసం ఆరుగురు, ఇరుపక్షాలూ వేరేగా ఒప్పుకుంటే తప్ప అందరి మాటా ఒకటే కావాలి. ఒక్కరు అడ్డం తిరిగినా తీర్పు రాదు. పైగా కౌంటీ జ్యూరీలో అందరూ డాలస్ కౌంటీ వాళ్ళే ఉంటారు, ఫెడరల్ జ్యూరీ చుట్టుపక్కల కౌంటీల నుంచి కూడా వస్తుంది. పెద్ద నగరం జ్యూరీలంటే కంపెనీలకి ఎప్పుడూ గుబులే. ఫెడరల్ కోర్టులో గడువులు కఠినం, జడ్జి ముందే తేదీలన్నీ రాసిచ్చేస్తాడు, వాటిని జరపడం తేలిక కాదు. సాక్ష్యం చాలదనిపిస్తే జ్యూరీ దాకా పోకుండానే కొట్టివేయించుకోవచ్చని కంపెనీ లాయర్లకి ఆశ కూడా ఉంటుంది.

అందుకే మీ లాయర్ని రెండు విషయాలు అడగండి. రాష్ట్ర కోర్టులో ఉన్నప్పుడే జ్యూరీ కావాలని రాసిచ్చారా? ఇవ్వకపోతే, కేసు మారాక ఆ కోరిక తెలపడానికి 14 రోజుల గడువు వర్తించవచ్చు, తక్కిన కాగితాల స్థితిని బట్టి. ఆ హక్కు జారిపోతే జడ్జి ఒక్కడే తేలుస్తాడు. రెండోది, ఆయనకి ఆ ఫెడరల్ కోర్టులో వాదించే అనుమతి ఉందా, అక్కడ లారీ ప్రమాదాల కేసులు నడిపిన అనుభవం ఉందా? రాష్ట్ర లైసెన్సు ఉన్నంత మాత్రాన ఫెడరల్ కోర్టులో నిలబడలేరు, విడిగా చేరాలి. గెలిస్తేనే వాటా తీసుకునే ఒప్పందం మీద ఆయన కేసు పట్టి ఉంటే ఇలా అడగడానికి మొహమాటపడాల్సిన పనే లేదు.

జడ్జీల సంగతికొస్తే, టెక్సస్‌లో రాష్ట్ర డిస్ట్రిక్ట్ జడ్జీలు నాలుగేళ్ళకోసారి ఎన్నికల్లో నిలబడతారు, అదీ పార్టీ గుర్తింపుతో. ఫెడరల్ జడ్జిని దేశాధ్యక్షుడు ప్రతిపాదిస్తాడు, సెనేట్ ఆమోదిస్తుంది, ఆపైన జీవితాంతం పదవి. జీతం తగ్గించే అధికారం కూడా ఎవరికీ లేదు. ఓట్లు అడగాల్సిన అవసరం లేని మనిషి ముందు, ఓటు లేని విదేశీయుడు నిలబడటం నా దృష్టిలో మీవాడికి నష్టం కాదు.

మీరు ఫెడరల్ అంటే కేంద్ర ప్రభుత్వం మనిషి అనుకున్నారు. ఆ ప్రభుత్వం మీదే దావా వేసి గెలిచేది కూడా ఈ కోర్టుల్లోనే. వీసాల ఆలస్యం మీద మనవాళ్ళు వేసే కేసులన్నీ అక్కడివే. పైగా విదేశీయుల కేసులు ఫెడరల్ కోర్టుకి రావచ్చని రాజ్యాంగంలో రాయడానికి కారణమే, స్వాతంత్ర్యం వచ్చిన కొత్తలో బ్రిటిష్ వర్తకులకి రావాల్సిన బాకీల్ని రాష్ట్ర కోర్టులు సరిగ్గా ఇప్పించకపోవడం. పౌరుడు కానివాడికి కూడా చట్టం సమానంగా రక్షణ ఇవ్వాలని 1886లోనే సుప్రీంకోర్టు చైనా నుంచి వచ్చిన లాండ్రీ యజమాని యిక్ వో కేసులో చెప్పింది. ఇక మనవాళ్ళు భయపడే ఇమ్మిగ్రేషన్ కోర్టు ఈ రెండు వరసల్లోదీ కాదు, అది న్యాయశాఖ కింద నడిచే విభాగం. అందులో జడ్జీలకి జీవితకాలపు పదవి లేదు. మీ అబ్బాయి పరిహారం కేసు వేసినందుకు అక్కడ లెక్క తీసేవాళ్ళు లేరు.

రెండు వరసలూ ఒకే నేరాన్ని విడివిడిగా విచారించిన సందర్భం మన తెలుగువాళ్ళకి బాధాకరంగా తెలుసు. 2017 ఫిబ్రవరిలో కాన్సస్ రాష్ట్రం ఓలేథాలో, నా దేశం నుంచి బయటికి పొండి అని అరిచి ఒకడు తెలుగు ఇంజినీర్‌ని కాల్చి చంపాడు. పక్కనున్న ఇంకో తెలుగు యువకుడికీ, అడ్డుకోబోయిన అమెరికన్‌కీ తూటాలు తగిలాయి. హత్య రాష్ట్ర నేరం, కాబట్టి కాన్సస్ కోర్టు 2018 మేలో యావజ్జీవం వేసింది. పుట్టిన దేశాన్ని బట్టి ద్వేషంతో కాల్చడం ఫెడరల్ నేరం, కాబట్టి ఆ ఆగస్టులో ఫెడరల్ కోర్టు కూడా యావజ్జీవం వేసింది. ఒకే నేరానికి రెండుసార్లు శిక్షా అని అడిగితే, రాష్ట్రమూ దేశమూ వేరువేరు ప్రభుత్వాలు, ఎవరి చట్టం వాళ్ళది అని సుప్రీంకోర్టు 2019లో మరోసారి చెప్పింది. పక్కపక్కనే ఉండి, ఎవరి అధికారం వాళ్ళు చెలాయించే రెండు వరసలంటే ఇదే.

సుప్రీంకోర్టు సంగతి తేలిగ్గా తేల్చేస్తాను. ఫెడరల్ కోర్టులో తీర్పు వచ్చాక ఓడినవాళ్ళు 30 రోజుల్లో న్యూ ఓర్లీన్స్‌కి అప్పీలు చేసుకోవచ్చు. అక్కడ మామూలుగా ముగ్గురు జడ్జీలు కాగితాలు చూస్తారు, కొత్త సాక్ష్యం ఉండదు. వాషింగ్టన్‌లో సుప్రీంకోర్టుకి వెళ్ళడం మాత్రం హక్కు కాదు. తొమ్మిది మందిలో నలుగురు వింటామంటేనే వింటారు. ఏటా వేలల్లో వచ్చే అర్జీల్లో వాళ్ళు వాదనలు వినేవి అరవై, డెబ్భై దాకా మాత్రమే. టెక్సస్ చట్టం మీద నడిచే లారీ ప్రమాదానికి అక్కడ చోటు దొరకదు. రాష్ట్ర చట్టానికి అర్థం చెప్పడంలో ఆఖరి మాట ఆ రాష్ట్రపు అత్యున్నత కోర్టుదే, వాషింగ్టన్‌ది కాదు. మీ పొలం కేసులా తరాలు నడుస్తుందన్న దిగులు పెట్టుకోకండి. ఇలాంటి కేసుల్లో ఎక్కువ భాగం విచారణకి ముందే రాజీతో ముగుస్తాయి.

చివరి ప్రశ్న. మధ్యలో గ్రీన్ కార్డు వస్తే ఏమీ మారదు. కేసు వేసిన నాడూ, మార్చిన నాడూ అతని స్థితి ఏమిటన్నదే కోర్టు చూస్తుంది. ఉద్యోగం పోతేనే కాస్త పని ఉంది. ఇండియాకి వచ్చేసినా కేసు అతనిదే, పరిహారం హక్కు ఎక్కడికీ పోదు. కానీ అవతలి లాయర్లు అతన్ని ప్రమాణం చేయించి ప్రశ్నలడుగుతారు, వాళ్ళ తరఫు డాక్టరు కాలు పరీక్షించాలనీ అడగొచ్చు. వీడియోలో మాట్లాడటానికి ఇరుపక్షాలూ ఒప్పుకోవాలి, లేదా జడ్జి అనుమతించాలి. విచారణకి రావాలంటే మళ్ళీ విజిటర్ వీసా తెచ్చుకోవాలి. హెచ్-1బీ వాళ్ళకి ఉద్యోగం పోయాక అక్కడ ఉండటానికి ఎక్కువలో ఎక్కువ 60 రోజులు. కాబట్టి ఉద్యోగం మీద ఏ చిన్న అనుమానం వచ్చినా, ఆ రోజే లాయర్‌కి ఫోన్ చేసి చెప్పమనండి. అతని వాంగ్మూలం, ఆపరేషన్ చేసిన డాక్టరు వాంగ్మూలం, అతను అక్కడ ఉండగానే రికార్డు చేయించుకోవచ్చు.